నికాసియా మోచేయి

చిరావి ఊళ్లో మగవాళ్ళు అబద్ధాలాడటంలో ఆరితేరారంటే అందులో వాళ్ళ గొప్పేమీ లేదు. అది నేల చేసిన ఉపకారం. ఊరి గట్టు దిగగానే ఉప్పుబయలు మొదలవుతుంది. మొదలైందంటే ఇక ఆగదు. చెట్టు లేదు, పుట్ట లేదు, మిట్ట లేదు, పల్లం లేదు. కోపంతో బయల్దేరిన పెళ్ళాం పదిహేను కిలోమీటర్ల అవతలే నువ్వుగింజలా కనబడుతుంది. ఆ నువ్వుగింజ నడిచి నడిచి మనిషయ్యేసరికి సగం పూట గడుస్తుంది. ఆ సగం పూటలో ఎంత మొద్దుబుర్ర అయినా ఒక అబద్ధం అల్లి, ఎండబెట్టి, మడతపెట్టి సిద్ధంగా ఉంచుకోవచ్చు. ఆడవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. నడిచేది వాళ్ళు కాబట్టి, దారి పొడుగునా కోపం చల్లారిపోకుండా కాచుకోవడంతోనే సరిపోతుంది.

నికాసియా లుపాకు అబద్ధం అలవాటు కాకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది. యాభై రెండేళ్ళ బతుకులో ఆమె చెప్పుకోదగ్గ అబద్ధం ఒక్కటంటే ఒక్కటే ఆడింది. అదీ ఒకే ఒక్క మాట. ఆ మాటకు నాలుగు నెలల్లో కాళ్ళొచ్చాయి, కొమ్ములొచ్చాయి, ఒక రాళ్ళ గుట్ట లేచింది, కొబ్బరినీళ్ళ రంగు సారా ధారలు పోయడం మొదలైంది. ఆఖరికి అది ముప్పై మందిని మింగడానికి నోరు తెరిచింది.

నికాసియా చేసే పని ఆ బయలు మీద ఇంకెవరూ చేయరు. ఆమె దారి తెరుస్తుంది.

జనవరిలో వానలు పడతాయి. నీళ్ళు మోకాలు దాటవు కానీ, బయలంతా పరుచుకుని, కిందటేడు లారీలు గీసిన గీతలన్నిటినీ కడిగేస్తాయి. ఏప్రిల్‌లో నీళ్ళు తగ్గి, ఉప్పు మళ్ళీ గట్టిపడి, పలకలు పలకలుగా కొత్తగా పుడుతుంది. అప్పుడు ఏ లారీ ముందు దాటుతుందో దాని చక్రాల జాడే ఆ ఏడాదికి దారి. వెనకొచ్చే ప్రతి లారీ దాని మీదే పోతుంది. మళ్ళీ వానలొచ్చేదాకా ఎవరూ దాన్ని దాటి పక్కకు తొంగిచూడరు. ఎందుకంటే ఆ ఉప్పులో కళ్ళున్నాయి. పైకి అంతా ఒకేలా గట్టిగానే కనబడుతుంది, ఒక్కోచోట కింద పొర అరచేయంత మందం, ఆ కింద నీళ్ళు, ఆ కింద ఏముందో చూసినవాడు చెప్పడానికి తిరిగి రాలేదు.

పెళ్ళయి అత్తారింటికి వచ్చిన రోజున మొగుడు ఎవుసేబియో లారీ ముందు గదిలో అత్తగారు, ఇద్దరు ఆడబిడ్డలు, ఒక గొర్రెపిల్ల ఎక్కేసరికి కొత్త పెళ్ళికూతురికి చోటు మిగల్లేదు. లారీ గది పైకప్పు మీద కూర్చోబెట్టారు. నడిబయల్లో పెళ్ళికొడుకు దారి తప్పాడు. పైన కూర్చున్న పిల్లకు అది తెలిసిపోయింది, ఎందుకంటే ఆమె తండ్రి లామాల మీద ఉప్పుదిమ్మలేసుకుని లోయలకు నడిచినవాడు, కొండల మొహాలు చూసి నడవడం ఆమెకు నేర్పాడు. అరిచి చెబుదామంటే ఇంజను మోతలో వినబడదు. మొదటిరోజే మొగుణ్ణి పేరుపెట్టి పిలిచి కేకలేస్తే అత్తగారు ఏమంటుందో. చెప్పు విప్పి రేకు మీద కొట్టింది. ఒక దెబ్బ కొడితే ఎడమకు, రెండు కొడితే కుడికి, మూడు కొడితే ఆగు. అది ఎవరూ ముందుగా అనుకున్న లెక్క కాదు. ఎవుసేబియోకు ఎలా అర్థమైందో ఊరి వెనక నిలబడ్డ తునుపా కొండమ్మకే తెలియాలి. తిన్నగా తెచ్చి ఇంటి ముందు ఆపాడు.

అప్పటి నుంచి ఇరవై తొమ్మిదేళ్ళు. చెప్పు పోయి కర్ర వచ్చింది. మొహానికి ఉన్నిముసుగు, కళ్ళ కింద మసి, బుగ్గలో కోకా ఆకు, కాళ్ళు ముందు అద్దం మీద వేలాడేసుకుని ఆమె పైన కూర్చుంటుంది. కింద ఎవుసేబియో చక్రం పట్టుకుంటాడు. తెల్లటి వెలుగు మొహాన కొడుతుంటే అతనికి ముందు ఏమీ కనబడదు, కనబడాల్సిన అవసరమూ లేదు.

"కళ్ళు మూసుకుని కూడా నడుపుతాను," అని గొప్పలు పోయేవాడు సారా అంగడిలో. "ఒకసారి నిద్దరపోయాను కూడా. కలలో కర్ర చప్పుడు వింటూ తిప్పాను. లేచేసరికి అవతలి ఒడ్డు సంతలో ఉన్నా."

"లేచేసరికి లారీ కింద ఉన్నావు, నేను చూశాగా," అనేవాళ్ళు పక్కవాళ్ళు.

ఆ ఏడు మే నెలలో, కాలం కాని కాలంలో, మంచు కురిసింది. తెల్లారి ఆ ఏటి దారి తెరవడానికి ఏడు లారీలు వరసగా చిరావి గట్టు దిగాయి. అన్నిటికన్నా ముందు ఎవుసేబియో లారీ, దాని నెత్తిన నికాసియా. తూర్పు ఒడ్డున రెండు కొండలుంటాయి. కుడివైపుది అవ్వకొండ, దానికి ఏడాది పొడుగునా నెత్తిన తెల్లటి టోపీ. ఎడమవైపుది బోడికొండ, దాని నెత్తి మీద మంచు పడ్డా కాసేపు నిలవదు. అవ్వకొండకేసి చూస్తూ పోవాలి, అంతే, అంతకన్నా చదువు అక్కర్లేదు. ఆ పొద్దున అవ్వకొండ మబ్బు కప్పుకుని పడుకుంది. బోడికొండ ఆమె టోపీ ఎత్తుకెళ్ళి పెట్టుకుని దర్జాగా నిలబడింది.

గంటన్నరసేపు నికాసియా దొంగ టోపీని చూస్తూ లారీలను నడిపించింది. తొమ్మిదిన్నరకు ఎండ ముదిరింది. ఆమె చూస్తుండగానే ఆ తెల్లటి నెత్తి గోధుమరంగుకు తిరిగింది. అంతసేపూ చూసింది బోడికొండనే. ఎడమవైపు, కల్తయా ఊరి ముందు, ఏటి మూతి దగ్గర ఉన్న కళ్ళ గుంపు ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తండ్రి లామాలను అటు రానిచ్చేవాడు కాదు. ఆ గుంపుకు ఎంత దగ్గరగా వచ్చారో లెక్క వేసుకునే ధైర్యం లేకపోయింది. కర్ర రెండుసార్లు కొట్టింది. మళ్ళీ రెండు. మళ్ళీ రెండు.

లారీ గుండ్రంగా తిరిగి ఆగింది. వెనక ఆరు లారీలూ ఆగాయి. అన్ని కిటికీల్లోంచీ తలకాయలు బయటికొచ్చాయి. ఎవుసేబియో తలుపు తెరిచి పైకి చూశాడు.

"ఏంటే ఇది? ఇంత మలుపేంటి? ఇంతసేపూ ఎడమగా ఎందుకొచ్చాం?"

తప్పయిందని చెప్పాలంటే రెండు మాటలు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ రెండు మాటలూ ఆ కప్పు మీద నుంచి ఎప్పుడూ దిగలేదు. దిగే దారి వాటికి తెలియదు. నికాసియా కర్రతో కుడిపక్కకు, వాళ్ళు రాకుండా వదిలేసిన తిన్నటి దారికేసి చూపించింది.

"కన్ను," అంది.

ఎవుసేబియో టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. వెనక లారీలవాళ్ళూ తీశారు. చడీచప్పుడు లేకుండా మళ్ళీ కదిలారు.

ఆ వంపుకు నికాసియా మోచేయి అని పేరు పడింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గోళీ దొర్లిస్తే ఆగకుండా పోయే నేల మీద, అడ్డమంటూ ఏమీ లేనిచోట, ముందు ఎడమగా పోయి, మళ్ళీ కుడికి తిరిగిన దారి అది. గంటకు పైగా చుట్టు. అందరూ ఒక్క అంగుళం తప్పకుండా దాని మీదే తిరిగేవాళ్ళు. మోచేతి మడతలో కన్నుందంటే ఎవరు పోతారు?

కన్ను మాత్రం పెరగడం మొదలెట్టింది. మేలో పళ్ళెమంత. జూన్‌లో బండిచక్రమంత. జూలైలో ఒక లామా మెడలో గంటతో సహా అందులో పడి, మూడు రోజుల తర్వాత అవతలి ఒడ్డున ఒక బావిలో తేలింది, గంట మోగుతూనే ఉందట. ఒకాయన అది ఊపిరి తీస్తుంటే విన్నాడు. ఇంకొకాయన అది తుమ్మితే చూశాడు, అతని గడ్డంలో ఉప్పు కూడా ఉంది సాక్ష్యానికి. ఎవరో ఒడ్డు నుంచి రాళ్ళు మోసుకొచ్చి మలుపు దగ్గర గుట్ట పెట్టారు. వచ్చేపోయే లారీలు ఆగి, రెండు ఆకులు, ఒక చుక్క సారా ఆ గుట్టకు ఇచ్చి కదిలేవి. నికాసియా కూడా దిగి ఆకులు పెట్టేది. మొహానికి ఉన్నిముసుగు ఉండబట్టి బతికిపోయింది.

అందరికన్నా ఎక్కువ చెప్పింది ఎవుసేబియోనే. "నాకేం తెలుసు, దబదబా కొట్టింది. తొక్కిపట్టి ఆపాను. దిగి చూద్దును గదా, ముందు చక్రానికీ కంటికీ మధ్య మూరెడు!" ఆగస్టు నాటికి మూరెడు జానెడైంది. అది చెబుతున్నప్పుడు అతను పెళ్ళాంకేసి చూసే చూపు నికాసియా భరించలేకపోయేది. పెళ్ళినాడు కూడా అలా చూడలేదు ఆయన.

ఒకసారి చెప్పబోయింది కూడా. "అది అంత పెద్దదేం కాదయ్యా," అంది.

"నీకు పెద్దదెలా అవుతుంది? నువ్వు రోజూ చూసేదానివి," అన్నాడు అతను, ఇంకా మురిసిపోతూ.

సెప్టెంబరులో ఒక బుధవారం పొద్దున కల్తయా నుంచి రెమీహియో వచ్చాడు. ఎవుసేబియోకు చిన్నాన్న కొడుకు. కొత్తగా ఎర్ర లారీ కొన్నాడు, దాని ముందు అద్దం చుట్టూ కుచ్చులు, వెనక రెక్కల గుర్రం బొమ్మ. కల్తయా చిరావికి తూర్పున అదే ఒడ్డు మీద ఉంటుంది. అయినా ఆ ఊరి ముందు కళ్ళ గుంపు ఉండబట్టి, వాళ్ళు బయల్లోకి దిగాలంటే ఒడ్డు వెంట చిరావి దాకా వచ్చి, ఈ గట్టు మీద నుంచే దిగాలి. సగం రోజు దండగ. దానికి తోడు ఏటా గట్టు మరమ్మతుకు రాళ్ళు మోయాలి.

రెమీహియో వాకిట్లో కూర్చుని కినోవా గంజి రెండు గిన్నెలు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"వదినా, నీ కాళ్ళకు దండం పెట్టుకుందామని వచ్చా."

"నా కాళ్ళు పగిలి ఉన్నాయి గానీ, సంగతి చెప్పు మరిదీ."

"రేపటి నుంచి మేం మీ గట్టుకు రాం. మా ఊళ్లోంచే తిన్నగా దిగి, నీ మోచేయి దగ్గర కలుస్తాం. సంతకు ముప్పై మంది ఎక్కుతున్నారు, మూటలతో."

నికాసియా చేతిలో గరిట ఆగింది. "అటు కళ్ళున్నాయి."

"ఉండేవి! నువ్వు చెప్పేదాకా మాకు తట్టలేదు. కళ్ళు జరుగుతాయని ముసలోళ్ళు అనేవాళ్ళు కదా. ఇదిగో, కుడికి జరిగాయి, నీ మోచేతి మడతలోకి. లేకపోతే నువ్వు ఏడు లారీలను ఎడమగా ఎందుకు తిప్పుతావు? నీకు తెలియకుండానే మాకు దారి చూపించావు వదినా. మా ఆవిడ నీ పేరు మీద గొర్రెను కొయ్యమంటోంది."

"జరగలేదేమో."

"చూశావా అన్నా," రెమీహియో ఎవుసేబియో తొడ మీద కొట్టి నవ్వాడు, "మేం మానేస్తే మీ గట్టుకు రాళ్ళు మోసేవాళ్ళుండరని వదిన బెంగ! మోస్తాంలే వదినా, చుట్టరికం కోసం నాలుగు రాళ్ళు మోస్తాం."

అతను వెళ్ళిపోయాడు. ఎర్ర లారీ ఒడ్డు వెంట దుమ్ము లేపుకుంటూ చాలాసేపు కనబడింది. అక్కడ ఏదైనా చాలాసేపు కనబడుతుంది. నికాసియా దాన్ని చూస్తూ నిలబడింది. నోరు విప్పితే ఇక ఆ కప్పు మీద ఆమెను ఎవరూ కూర్చోనివ్వరు. ఒకసారి కొండ తప్పినవాళ్ళ చేతికి ఎవరు ప్రాణాలిస్తారు? ఇన్నాళ్ళూ అదీ ఒక కష్టమేననుకుంది. ఇప్పుడు ఆ ఎర్ర లారీ వెనక బల్ల మీద కూర్చునే ముప్పై మంది మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్ళలో సగం మంది పేర్లు ఆమెకు తెలుసు. కొందరు ఆమె చేతుల్లో పుట్టారు.

ఎవుసేబియో చక్రం విప్పి ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"కన్ను లేదు."

"ఎక్కడ?"

"మోచేతి మడతలో. ఎప్పుడూ లేదు. మంచు పడ్డ రోజున బోడికొండను చూసి అవ్వకొండ అనుకున్నా. తప్పు తెలిసి తిప్పా. నువ్వు అడిగితే నోటికి వచ్చింది అన్నా."

ఎవుసేబియో చేతిలోని అతుకును బంక ఆరిపోయేదాకా అలాగే పట్టుకున్నాడు. ఏం చెబుతుందో అర్థమైంది గానీ లోపలికి దిగడం లేదు. నెమ్మదిగా దిగింది.

"ఏడు లారీలు," అన్నాడు.

"ఊఁ."

"అటు కళ్ళ గుంపు పక్కన. ఏడు లారీలు."

"ఊఁ."

"నేను దిగి చూశానని చెప్పానే అందరికీ! మూరెడు అన్నా. జానెడు అన్నా." అతను లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "నన్ను అడక్కుండా... ఇన్నేళ్ళూ ఎందుకూ అని ఒక్కసారి అడిగానా నిన్ను?"

"అడగలేదు."

"ఆ ఒక్కసారి అడిగాను. ఆ ఒక్కసారీ అబద్ధం చెప్పావు."

 కొట్టినా బాగుండుననుకుంది, అతను అలాంటివాడు కాదు. చక్రం బిగించాడు. లారీ తీశాడు. ఆమె అలవాటుగా పైకి ఎక్కబోతే, "లోపల కూర్చో. ఒడ్డు వెంట పోతున్నాం, దారి నాకు తెలుసు," అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమె లారీ లోపల కూర్చోవడం అదే మొదలు. 

కల్తయాలో బడి ముందు జనం పోగయ్యారు. రెండూళ్ళ పెద్ద దోన్ వెనాన్సియో బల్ల మీద కూర్చున్నాడు. ఆయనకు డెబ్భై ఏళ్ళు, మూడు పళ్ళు, ఆ మూడూ ఒకదానికొకటి ఎదురుపడవు. నికాసియా నిలబడి మొత్తం చెప్పింది. దాచుకోలేదు, తగ్గించుకోలేదు. చెప్పడం అయిపోయింది. 

తర్వాత నవ్వులు.

"అబ్బ, ఎంత మంచి మనసు!" అంది ఒకావిడ. "గొప్ప చెప్పుకోవడం ఇష్టంలేక లేదంటోంది."

"కాదు కాదు, రేపు మేం మునిగితే తన పేరు చెడుతుందని ముందే చేతులు దులుపుకుంటోంది," అన్నాడు ఇంకొకడు.

"నేను చూశాను ఆ కన్నును," అని లామా కథ చెప్పిన ఆయన గుండె మీద గుద్దుకున్నాడు. "అది నన్ను చూసింది!"

"నిన్ను చూసి మూసుకుని ఉంటుంది," అన్నారు వెనక నుంచి.

రెమీహియో మాత్రం నవ్వలేదు. మొహం ఎర్రబడింది. "వదినా, మా ఊరికి దారొస్తే నీకెందుకింత? ఊరందరి ముందు నిన్ను నువ్వు తిట్టుకునేంత?"

నికాసియాకు దిక్కు తోచలేదు. నిజం చెప్పడం ఎంత కష్టమో నాలుగు నెలలు ఊహించుకుంది గానీ, చెప్పాక నమ్మరన్న ఊహ ఆమెకు రాలేదు. కన్ను ఆమెది కాదిప్పుడు. రాళ్ళు మోసినవాళ్ళది, సారా పోసినవాళ్ళది, తుమ్ము చూసినవాళ్ళది.

"రేపు పొద్దున పాత గట్టు మీద నుంచే రండి," అంది. "ఒక్కరోజు. మడతలోంచి తిన్నగా మా లారీ నడిపిస్తా, మీరు గుట్ట దగ్గర నిలబడి చూడండి. మునిగితే రెమీహియో చెప్పింది నిజం. మునక్కపోతే నేను చెప్పింది నిజం."

"నడిపేది నువ్వు కాదుగా," అన్నాడు దోన్ వెనాన్సియో. "ఎవుసేబియో, ఏమంటావ్?"

ఎవుసేబియో నేలకేసి చూస్తూ, "ఆమె పైన కూర్చుంటే నడుపుతా," అన్నాడు.

మర్నాడు పదకొండు గంటలకు గుట్ట దగ్గర జనం దిగారు. మూటల మీద కూర్చుని, ఎండిన లామా మాంసం నములుతూ, జాతరకొచ్చినట్టుగా ఉన్నారు. ఎవుసేబియో లారీలోంచి సంచులన్నీ దింపేశాడు. తలుపులు రెండూ తాళ్ళతో వెనక్కి కట్టేశాడు, దూకాల్సి వస్తే అడ్డం రాకుండా. అది చూసి నికాసియాకు అర్థమైంది. అతనికి ఇంకా నమ్మకం కుదరలేదు. నాలుగు నెలలుగా ఊరికి అతను వర్ణించిన కన్ను అతని ముందు నిజంగానే ఉంది. అయినా ఎక్కాడు.

ఆమె పైకి ఎక్కి కూర్చుంది. ముసుగు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. కర్ర ఎత్తి రెండుసార్లు కొట్టింది.

లారీ గీత దాటి తెల్లటి ఉప్పు మీదికి దిగింది. పలకలు చక్రాల కింద కరకరమన్నాయి. దోన్ వెనాన్సియో పెదవులు కదుపుతున్నాడు. లామా ఆయన రాళ్ళ గుట్ట వెనక్కి పోయి నిలబడ్డాడు. లారీ చిన్నదైంది, ఇంకా చిన్నదైంది. బొమ్మంత అయింది, చీమంత అయింది. మడత మధ్యకు వచ్చాక ఆగింది. కర్ర మూడుసార్లు పడింది, అది జనానికి వినబడలేదు.

నికాసియా దిగి, ఉప్పును కాళ్ళతో గట్టిగా తొక్కి రెండు చేతులూ చాపింది. ఇక్కడ. తర్వాత పది అడుగులు నడిచి మళ్ళీ తొక్కింది. ఇక్కడా. అలా ఆ మడతంతా తొక్కుకుంటూ తిరిగింది. దూరం నుంచి చూసేవాళ్ళకు ఒక చీమ నాట్యం చేస్తున్నట్టుంది. ఎవరికీ నవ్వు రాలేదు.

ఎవుసేబియో ఇంజను ఆపి దిగాడు. ఆమె దగ్గరికి రాలేదు. లారీ గది ఎక్కి, కప్పు మీద ఆమె కూర్చునేచోట కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. ఆమె వచ్చి కింద నిలబడింది.

"ఏది బోడికొండ?"

ఆమె చూపించింది.

"మరి అవ్వకొండ?"

చూపించింది.

"రెండిటికీ మధ్య ఇంతేనా?" చేయి చాపి, బొటనవేలితో కొలిచాడు. రెండు కొండలకూ మధ్య ఒక వేలెడు ఉంది. "ఈ వేలెడే?"

"ఇక్కడ వేలెడు. అక్కడికి పోతే ఒక పూట."

ఎవుసేబియో బొటనవేలు దించలేదు. "ఇన్నేళ్ళూ ఈ వేలెడు పట్టుకునే కూర్చున్నావా ఇక్కడ," అన్నాడు. కోపం పోలేదు అతని గొంతులో. దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది.

రెమీహియో తన ఊరి ముందు ఉన్న కళ్ళ దగ్గరికి పొడుగాటి ఇనపగజం పట్టుకుని ఒక్కడే నడిచివెళ్ళాడట తర్వాత. రెండుచోట్ల గజం చివరిదాకా దిగిపోతే పైకి లాగాడు, మూడోచోట చేతిలోంచి జారి లోపలికే పోయింది. దాన్ని వెతుక్కోలేదు, వెనక్కి వచ్చేశాడు.

దోన్ వెనాన్సియో పంచాయితీ పెట్టి, ఒక ఏడాది నికాసియా దారి తెరవకూడదన్నాడు. "తప్పు చేసినందుకు కాదమ్మా," అన్నాడు, "కొండలు ఎవర్నైనా మోసం చేస్తాయి. ఏడు లారీల వాళ్ళకు తాము ఎక్కడున్నామో తెలియకుండా చేశావు, అందుకు." నికాసియా తలూపింది. అంతకన్నా ఎక్కువే అంటాడనుకుంది. వానలొచ్చేదాకా లారీలు మోచేయి మీదే తిరిగాయి. మడతలో కన్ను లేదని అందరికీ తెలుసు. అయినా గీత గీతే.

మరుసటి మేలో రెమీహియో ఎర్ర లారీ ముందు దిగింది. పైన ఎవరినీ కూర్చోబెట్టలేదు. తనే నడుపుతూ తనే చూస్తానన్నాడు. నికాసియా, ఎవుసేబియో వెనక బల్ల మీద కినోవా సంచుల మధ్య కూర్చున్నారు. వెనక్కి తిరిగి కూర్చోవడం వల్ల ఆమెకు ముందు దారి కాక, గీసుకుంటూ వచ్చిన గీత కనబడింది. అది తునుపా కొండ పాదం నుంచి దారంలా సాగి వస్తోంది. బాగుంది. తిన్నగానే ఉంది. ఎక్కడో లోపల కొంచెం నొప్పి పెట్టింది, అంత బాగున్నందుకు.

రెండు గంటలు పోయాక లారీ నెమ్మదించింది. ఇంకా నెమ్మదించి ఆగిపోయింది. రెమీహియో దిగాడు. ముందు చక్రాన్ని తన్నాడు, దానికేమీ కాలేదు. వెనక చక్రాన్ని తన్నాడు. చుట్టూ తిరిగి బల్ల దగ్గరికి వచ్చాడు. సంచుల మీద ఉన్న పాతికమందీ అతన్నే చూస్తున్నారు.

"వదినా."

"ఏంటి మరిదీ."

"ఏది ఏదో తెలియడం లేదు నాకు."

 దారి తెరిచేవాడి నోట ఆ మాట ఆ బయలు మీద ఎవరూ విని ఉండరు. ఎవుసేబియో నాన్నకు తెలిసిన ఒకాయన పొగమంచులో ఒడ్డు దాటి, ఇంకో దేశం సముద్రం దాకా పోయాడే గానీ ఆ మాట అనలేదని చెప్పుకుంటారు. రెమీహియో చెవులు కుచ్చుల కన్నా ఎర్రగా ఉన్నాయి.

నికాసియా లేచి సంచి మీద నిలబడి తూర్పుకు చూసింది. ఒడ్డంతా తెల్లటి పొగ. అందులో కొండ ఉందో, మబ్బు ఉందో, రెండూ ఉన్నాయో. కళ్ళ మీద చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒక పేరు చెప్పేయడం తేలికే. అందరూ తీసుకునేవాళ్ళు.

"నాకూ తెలియడం లేదు," అంది.

ముందుగా నవ్వింది ఎవుసేబియో. తర్వాత ఎవరికీ ఆగలేదు. రెమీహియో కూడా బల్ల పట్టుకుని నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే దిగండి, తినేద్దాం," అంది నికాసియా.

ఉప్పు మీద దుప్పటి పరిచారు. మూటలు విప్పారు. ఉడికించిన దుంపలు, ఎండుమాంసం, జున్నుముక్క, దంచిన మిరపకారం. ఉప్పు కావలసినవాళ్ళు చేయి చాపి నేల గీక్కున్నారు. వెనక లారీలు ఒక్కొక్కటే వచ్చి ఆగాయి.

"ఏమైంది? కన్నా?" అని ఒకడు కిటికీలోంచి గాభరాగా అరిచాడు.

"కాదు. దారి తెలియడం లేదు. దిగు, దుంపలు వేడిగా ఉన్నాయి," అన్నాడు రెమీహియో నోటినిండా.

ఆ మాట లారీ నుంచి లారీకి వెనక్కి పోయింది. ప్రతిచోటా తలుపులు తెరుచుకున్న చప్పుడు. పన్నెండు దాటాక పొగ చీలి, అవ్వకొండ భుజం దాకా బయటికొచ్చింది. నికాసియా చూసింది, రెమీహియో కూడా చూశాడు. అయినా అప్పుడే ఎవరూ లేవలేదు, ఇంకా జున్ను మిగిలి ఉంది.